బండి సీటు మార్చుకునే ముందు

గోపాల్‌పూర్ సముద్రతీరానికీ బరంపురం నగరానికీ మధ్య దూరం సుమారు 15 కిలోమీటర్లు. ఇక్కడి తెలుగువారిలో ఎందరో ఈ దూరాన్ని ప్రతిదినం మోటారు సైకిలు మీదనే దాటుతారు. తీరంలోని హోటళ్లలో పనిచేసేవారు, తెల్లవారుజామునే చేపల పెట్టెతో నగరానికి బయలుదేరేవారు, కట్టుబడి పనులకు వెళ్లే మేస్త్రీలు, భంజవిహార్‌లోని విశ్వవిద్యాలయంలో చదివే విద్యార్థులు వీరిలో ఉన్నారు. పండుగ వచ్చిందంటే ఇదే బండి 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, ఇచ్ఛాపురం దాటి, పలాస వైపో శ్రీకాకుళం వైపో సాగుతుంది. దినదిన ప్రయాణంలో అంతగా తెలియని సీటు లోపం ఆ దూరప్రయాణంలో నడుమును పట్టేస్తుంది. స్వగ్రామం చేరినవారు పండుగ పూట మంచం దిగలేని స్థితిలో ఉంటారు. తిరిగి వచ్చిన వారంలోనే సీటు మార్చాలన్న నిర్ణయం జరిగిపోతుంది.

నిర్ణయంలో తప్పు లేదు. చిక్కంతా ఎంపికలో ఉంది. దుకాణంలో వరుసగా పేర్చిన సీట్లను కొనేవారు బొటనవేలితో నొక్కి చూస్తారు. వేలు ఎంత లోతుగా దిగితే అంత మంచి సీటని భావిస్తారు. పరుపు కొనడానికే చాలని పరీక్ష ఇది, బండి సీటుకు అసలే చాలదు. సీటు సుఖం దాని మెత్తదనంలో కన్నా ఒదుగుదలలో ఉంది. నడిపేవారి శరీరానికి అది ఒదగాలి, బండి చట్రానికి ఒదగాలి, వెనుక కూర్చునేవారికీ ఒదగాలి. ఈ మూడవవారి సంగతి కొనుగోలు వేళ ఎవరికీ గుర్తుకు రాదు. చట్టం మాత్రం వారి గురించే ఎక్కువగా పట్టించుకుంది.

కొత్త సీటు కోసం డబ్బు తీసేముందు పాత సీటే దోషి అవునో కాదో తేల్చుకోవడం అవసరం. నొప్పి ఎక్కడ పుడుతున్నదో గమనిస్తే చాలావరకు విషయం తెలుస్తుంది. పిరుదుల అడుగున రెండు చోట్ల పోటు పుడితే అది సీటు స్పాంజి బలహీనత. వెన్నెముక చివర నొప్పి పుడితే సీటు మధ్యలో గుంటపడి, శరీరం వెనక్కి ఒరిగి కూర్చుంటున్నదని అర్థం. తొడల లోపలి వైపు ఒరుసుకుంటే సీటు ముందుభాగం అవసరానికి మించి వెడల్పుగా ఉంది. మణికట్లూ భుజాలూ లాగుతుంటే సీటు ట్యాంకు వైపు వాలి ఉండి, శరీరభారాన్ని చేతుల మీదికి తోస్తూ ఉండవచ్చు. గుంత తగిలిన ప్రతిసారీ నడుములో కుదుపు వస్తుంటే సీటును నిందించి ప్రయోజనం లేదు. ముందుగా వెనుక షాక్ అబ్సార్బర్లను చూపించాలి. రెండింటినీ ఒకే మెట్టులో అమర్చారో లేదో చూడాలి. టైర్లలో గాలి, బండితో ఇచ్చిన పుస్తకంలో సూచించినంతే ఉందో లేదో సరిచూడాలి. ఒంటరిగా వెళ్లేటప్పుడూ ఇద్దరు వెళ్లేటప్పుడూ ఆ లెక్క వేరుగా ఉంటుంది. ఖర్చు లేని ఈ పనులతోనే సగం నొప్పులు తగ్గిపోయే సందర్భాలు అరుదేమీ కాదు. కాలు తిమ్మిరెక్కడం, నడుము నుంచి పాదం దాకా పోటు పాకడం వంటివి మాత్రం సీటు దుకాణానికి సంబంధించినవి కావు. అటువంటివారు బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలో గానీ మరొక వైద్యుని వద్ద గానీ చూపించుకోవాలి.

పాత సీటును పరీక్షించే సులభమైన మార్గం ఒకటుంది. దానిని బండి నుంచి విప్పి నేల మీద పెట్టి, కూర్చునే చోట మోకాలితో గట్టిగా అదమాలి. అడుగు పలక గట్టిగా మోకాలికి తగిలితే స్పాంజి ప్రాణం పోయిందన్నమాట. అయితే అప్పుడు కూడా మొత్తం సీటు కొనవలసిన పని లేదు. కంపెనీ ఇచ్చిన అడుగు పలక బండికి సరిగ్గా సరిపోయేలా తయారైనది. ఆ పలకను ఉంచుకుని స్పాంజినీ పై కవరునూ మార్పిస్తే చట్రానికి ఒదగడమనే సమస్య ముందే తీరిపోతుంది. చేయి తిరిగిన సీటు పనివాడు దొరికితే, బయట దొరికే కొత్త సీటు కన్నా ఈ మార్గమే చాలామందికి మేలు.

ఇక మెత్తదనం ఎందుకు మోసగిస్తుందో చూడాలి. మనిషి కూర్చున్నప్పుడు శరీరభారంలో అధికభాగం కటి అడుగున ఉండే రెండు ఎముకల కొనల మీద పడుతుంది. పాఠ్యపుస్తకాలు ఈ ఎముకను ఆసనాస్థి అంటాయి. మరీ మెత్తని స్పాంజి మీద ఈ కొనలు తొలి నిమిషాల్లోనే లోతుగా దిగిపోతాయి. కూర్చున్న క్షణాన అది హాయిగానే ఉంటుంది. అరగంట గడిచేసరికి కొనల కింద స్పాంజి పూర్తిగా నలిగి, భారం నేరుగా పలకకు చేరుతుంది. చుట్టూ పైకి ఉబికిన స్పాంజి కండరాలను ఒత్తి, రక్తప్రసరణకు అడ్డుపడుతుంది. కొంచెం గట్టిగా ఉన్న సీటు తొలి నిమిషంలో మొండిగా తోచినా, భారాన్ని విశాలంగా పంచి గంటల తరబడి ఒకే తీరుగా నిలుస్తుంది. అందుచేత దుకాణంలో వేసే పరీక్ష వేలితో కాదు, కాలంతో. సీటును బండికి తగిలించి, దాని మీద కనీసం ఇరవై నిమిషాలు కదలక కూర్చుని చూడనిస్తారా అని అడగాలి. అడగడానికి మొహమాటపడేవారే ఎక్కువ. కానీ రెండు మూడేళ్లు కూర్చోవలసిన వస్తువు విషయంలో ఇరవై నిమిషాల మొహమాటం లెక్కలోనిది కాదు.

దుకాణదారులు "32 డెన్సిటీ", "40 డెన్సిటీ" అని చెప్పే లెక్క ఒక ఘనమీటరు స్పాంజి ఎన్ని కిలోల బరువు తూగుతుందో తెలిపేది. సాంద్రత ఎక్కువైతే స్పాంజి ఎక్కువకాలం మన్నుతుంది. గట్టిదనం వేరే గుణం. ఒకే సాంద్రతలో మెత్తనిదీ ఉంటుంది, గట్టిదీ ఉంటుంది. కనుక అంకె ఒక్కటే విని తృప్తిపడరాదు. అడుగున గట్టి స్పాంజి, పైన పలుచగా కొంత మెత్తని పొర ఉన్న రెండు పొరల కూర్పు దూరప్రయాణాలకు అనువైనది. జెల్ పొర భారాన్ని పంచుతుంది గానీ ఎండలో నిలిపిన బండి మీద వేడిని పట్టి ఉంచుతుంది. వైశాఖ మాసంలో గోపాల్‌పూర్ తీరాన గంటసేపు ఎండలో ఉన్న జెల్ సీటు మీద కూర్చోవడం సాహసమే. శరీరం వేడికి మెత్తబడే మెమరీ ఫోమ్ కదలని కుర్చీకి బాగుంటుంది. ఎడతెగని కుదుపుల మధ్య అది త్వరగా తేరుకోలేదు.

శరీరానికి సరిపడే వెడల్పును ఇంట్లోనే కొలుచుకోవచ్చు. గట్టి పీట మీద అట్టపెట్టె ముక్క ఒకటి పరిచి, దాని మీద ఒక నిమిషం నిటారుగా కూర్చుని లేస్తే అట్ట మీద రెండు గుంటలు పడతాయి. వాటి మధ్యబిందువుల దూరమే ఆసనాస్థుల ఎడం. పెద్దవారిలో ఇది సాధారణంగా 10 నుంచి 14 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది, స్త్రీలలో కొంత ఎక్కువ. సీటు మీద కూర్చునే చోట చదునైన భాగం ఈ కొలతను దాటి రెండు వైపులా మిగలాలి. గుండ్రంగా ఉబ్బెత్తుగా ఉన్న సీటు చూపుకు నిండుగా కనిపిస్తుంది గానీ రెండు ఎముకలూ వాలుల మీదికి జారిపోతాయి.

ఎత్తు విషయం మరింత జాగ్రత్త కోరుతుంది. హీరో స్ప్లెండర్ ప్లస్ సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు. రెండింటికీ తేడా రెండు సెంటీమీటర్లే. స్ప్లెండర్‌కు మూడు సెంటీమీటర్లు అదనంగా స్పాంజి వేయిస్తే దాని ఎత్తు 815కు చేరి, ఎన్‌ఫీల్డ్‌ను మించిపోతుంది. ముందుభాగం వెడల్పైతే తొడలు దూరం జరిగి, పాదం నేలకు ఇంకా దూరమవుతుంది. గోపాల్‌పూర్ తీరం దగ్గర రోడ్డు అంచున ఇసుక పేరుకుని ఉంటుంది. కాలివేళ్లు మాత్రమే నేలకు తగిలే వ్యక్తి, వెనుక మనిషిని కూర్చోబెట్టుకుని అటువంటి చోట బండి ఆపితే కాలు జారడం ఖాయం. పొట్టిగా ఉన్నవారు సీటు ఎత్తు తగ్గించడానికి స్పాంజిని పైనుంచి కోయించుకుంటారు. అలా చేస్తే పలక ఎముకకు మరింత దగ్గరవుతుంది. పైన కోయించే కన్నా సీటు ముందు అంచులను రెండు వైపులా సన్నగా చెక్కించడం మేలు. ఎత్తు తగ్గకుండానే పాదం నేలను చేరుతుంది. పొడవైనవారి కష్టం దీనికి తిరగబడినది: సీటు తగ్గిన కొద్దీ మోకాళ్లు ముడుచుకుపోతాయి. ఎవరైనా సరే, రోజూ వేసుకునే చెప్పులతోనే, వెనుక మనిషిని కూర్చోబెట్టుకుని కొలత చూసుకోవాలి. బూట్లతో కొలిచి చెప్పులతో నడిపితే ఒక సెంటీమీటరు అక్కడే పోతుంది.

వెనుక కూర్చునేవారు ఎక్కువగా ఇంటి ఆడవారు. చీర కట్టుకుని, కాళ్లు రెండూ ఒకవైపుకు వేసి కూర్చునేవారు వీరిలో చాలామంది. అలా కూర్చున్నవారికి సీటు చదునుగా ఉండాలి, తొడకు ఆనిక దొరికేంత వెడల్పు ఉండాలి. ఈనాడు అమ్ముడుపోతున్న కొన్ని సీట్లలో వెనుకభాగం మెట్టుగా పైకి లేచి, చివరకు వచ్చేసరికి అరచేయంత సన్నబడుతుంది. ఆ రూపం పరుగుపందెపు బండ్ల నుంచి వచ్చింది. అక్కడ వెనుక ఎవరూ కూర్చోరు. ఒకవైపు కూర్చున్న మనిషి అటువంటి వాలు మీద, నున్నని రెక్సిన్ మీద, బ్రేకు వేసిన ప్రతిసారీ జారుతూనే ఉంటుంది. గర్భిణి అయితే ఆ ప్రమాదాన్ని విడమరిచి చెప్పనవసరం లేదు. సీటు ఎంచే రోజున ఆమెను కూడా దుకాణానికి తీసుకువెళ్లడం, కూర్చోబెట్టి చూడడం అవసరం. తరచుగా జరిగేది వేరు: కొన్నది ఒకరు, జారేది మరొకరు.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 128వ సెక్షన్ ప్రకారం ద్విచక్ర వాహనం మీద నడిపేవారు కాక మరొక్కరినే తీసుకువెళ్లవచ్చు. ఆ వ్యక్తి నడిపేవారి వెనుక, వాహనానికి గట్టిగా బిగించిన తగిన సీటు మీదనే కూర్చోవాలి. కేంద్ర మోటారు వాహనాల నియమాలలోని 123వ నియమం వెనుకవారికోసం పట్టుకునే పిడి, కాళ్లు పెట్టుకునే ఫుట్ రెస్టులు, దుస్తులు చక్రంలో చిక్కకుండా వెనుక చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండాలని చెబుతుంది. వాడుకలో శారీ గార్డు అనేది ఇదే. అందం కోసం సీటుతోపాటు వెనుక కడ్డీనీ, శారీ గార్డునూ తీసివేయించుకునేవారున్నారు. సీటు మీది పట్టీని కూడా కొత్త కవరు కుట్టేటప్పుడు మరచిపోతారు. 128వ సెక్షన్‌ను ఉల్లంఘిస్తే 194సి సెక్షన్ కింద 1,000 రూపాయల జరిమానాతోపాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత కూడా ఉంటుంది. రోజువారీ పనికి బండి మీదనే ఆధారపడిన కూలికి జరిమానా కన్నా ఆ మూడు నెలలే బరువు. సీటు పొడవుగా ఉన్నంత మాత్రాన ముగ్గురికి అనుమతి లభించదు. ఒంటి సీటు బిగిస్తే వెనుక ఎవరినీ ఎక్కించుకోరాదు. నాలుగేళ్ల లోపు పిల్లలను తీసుకువెళ్లేటప్పుడు బిడ్డను నడిపేవారికి కట్టి ఉంచే రక్షణ బెల్టు, తలకు సరిపడే హెల్మెట్ ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించరాదు. 2023 ఫిబ్రవరి నుంచి ఈ నియమం అమలులో ఉంది.

బండి చట్రానికి సీటు ఒదగడం కంటికి కనిపించేంత సులభమైన సంగతి కాదు. సీటు ముందుభాగాన ఉన్న నాలుక ట్యాంకు వెనుక కొక్కెంలో దూరాలి. వెనుకభాగం బోల్టులతోనో తాళంతోనో బిగియాలి. పలక అడుగున ఉన్న రబ్బరు గుండీలన్నీ చట్రం మీద సమంగా ఆనాలి. ఒక గుండీ గాలిలో ఉన్నా పలక ఆ మూల వంగుతూ, కొంతకాలానికి పగులుతుంది. పేరు ఒకటే అయినా తయారీ సంవత్సరం మారితే కొక్కేల స్థానం మారే అవకాశం ఉంది. కనుక దుకాణంలో బండి పేరు ఒక్కటే చెప్పక, తయారీ సంవత్సరం కూడా చెప్పాలి. బిగించిన తరువాత రెండు చేతులతో సీటును పక్కలకు ఊపి చూడాలి. కదిలే సీటు మలుపులో బండిని అదుపు తప్పిస్తుంది.

సీటు అడుగున ఏమున్నదో చూడడం మరింత ముఖ్యం. 1885లో జర్మనీలో డైమ్లర్, మేబాఖ్‌లు తయారుచేసిన తొలి మోటారు బండి సీటు తొలి ప్రయాణంలోనే అంటుకున్నదని చెబుతారు. ఇంజను మండించే వేడి గొట్టం సరిగ్గా సీటు కిందనే ఉండేది. ఇప్పుడా గొట్టం లేదు గానీ అనేక బండ్లలో సీటు కింద బ్యాటరీ, ఫ్యూజులు, తీగల కట్ట ఉంటాయి. కొత్త పలక లోహపుదై, మనిషి బరువుకు వంగి బ్యాటరీ కొనలను తాకితే మంటలు రేగవచ్చు. కొనల మీద రబ్బరు మూతలు ఉన్నాయో లేదో, తీగలు పలక కింద నలుగుతున్నాయో లేదో చూసుకున్న తరువాతే దుకాణం వదలాలి. సరిపడని సీటును సరిపెట్టడానికి చట్రాన్ని కోయడానికీ వెల్డింగు చేయడానికీ సిద్ధపడే పనివారు ఉంటారు. ఎంత తక్కువ ధర చెప్పినా ఆ పనికి ఒప్పుకోరాదు.

చట్టం కూడా ఈ హద్దునే గీసింది. 52వ సెక్షన్ ప్రకారం, నమోదు పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వివరాలతో విభేదించేలా బండిని మార్చరాదు. వాహనం నిర్మాణంలో దాని మూలలక్షణాన్ని మార్చే మార్పునే ఆ సెక్షన్ మార్పుగా వివరిస్తుంది. పాత పలక మీద స్పాంజి, కవరు మార్పించడం ఆ కోవలోకి రాదు. చట్రం కోయడం, నమోదు పత్రంలో రాసిన సీట్ల సంఖ్య మారేలా సీటు బిగించడం వేరు. అనుమతి లేని మార్పుకు 182ఎ సెక్షన్ కింద ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చు. ఆంధ్రప్రదేశ్ నంబరుతో ఇక్కడికి తెచ్చుకున్న బండిని పన్నెండు నెలలకు మించి ఒడిశాలో ఉంచుకునేవారు 47వ సెక్షన్ ప్రకారం ఇక్కడి నమోదు సంఖ్య కోసం దరఖాస్తు చేసుకోవాలి. అటువంటి వేళ బండిని పత్రంతో సరిపోల్చి చూస్తారు. పదిహేనేళ్లు నిండిన బండి నమోదును పునరుద్ధరించేటప్పుడూ అంతే. పాత సీటును పారవేయక గోనెలో చుట్టి భద్రపరచుకొమ్మని చెప్పడానికి ఇదొక కారణం.

పై కవరు విషయంలో గోపాల్‌పూర్‌కు ప్రత్యేకమైన శత్రువు ఉప్పుగాలి. కవరును పలకకు కొట్టే పిన్నులు సాధారణ ఇనుపవైతే త్వరగా తుప్పు పట్టి, కవరు అంచు లేచిపోతుంది. తుప్పు పట్టని పిన్నులు వాడమని ముందే చెప్పాలి. కూర్చునే చోట కుట్టు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. వానాకాలంలో నీరు ఆ కుట్ల రంధ్రాల గుండానే స్పాంజిలోకి దిగి, మర్నాడు ఎండలో కూడా బట్టలను తడుపుతుంది. కుట్టు కింద పలుచని ప్లాస్టిక్ పొర వేయించుకుంటే ఈ బాధ తప్పుతుంది. చేపలు తీసుకువెళ్లేవారు పెట్టెను నేరుగా సీటు మీద కట్టరాదు. కరిగిన మంచు, ఉప్పునీరు కలిసి స్పాంజిని కుళ్లబెడతాయి, పెట్టె అంచు దానిని నలగగొడుతుంది. పెట్టెకు వేరే క్యారియర్ ఉండాలి.

బరంపురంలో తెలుగు తెలిసిన పనివారు చాలామందే ఉన్నా, ఒడియా మాత్రమే మాట్లాడేవారి వద్దకు వెళ్లినప్పుడు కొన్ని మాటలు ఉపయోగపడతాయి. నరమ అంటే మెత్తన, టాణ అంటే గట్టి, ఒసార అంటే వెడల్పు. వచ్చీరాని భాషలో చాలామంది "నరమ" అనే ఒక్క మాట చెప్పి ఊరుకుంటారు. పనివాడు చెప్పినట్టే మెత్తని స్పాంజి నింపి ఇస్తాడు. అడుగున టాణ, పైన కొంచెం నరమ అని చెప్పగలిగితే పని సరిగ్గా జరుగుతుంది. అట్ట ముక్క మీద పడిన గుంటల కొలతను చూపిస్తే భాషతో పనే లేదు.

రసీదు లేకుండా డబ్బు ఇవ్వరాదు. అందులో బండి పేరు, తయారీ సంవత్సరం, స్పాంజి రకం, మార్పిడికి ఎన్నాళ్ల గడువు ఉందో రాయించుకోవాలి. ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించిన సీటు చట్రానికి సరిపోకపోతే, పెట్టె విప్పిన నాటి ఫోటోలు సాక్ష్యంగా నిలుస్తాయి. అమ్మకందారు మాట వినకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే లేదా పనిచేసే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. అమ్మినవారు ఢిల్లీలో ఉన్నా సరే, గోపాల్‌పూర్‌లో నివసించే వ్యక్తి గంజాం జిల్లా దాటి వెళ్లనవసరం లేదు. వివాదం తలెత్తిన రెండేళ్ల లోపు ఈ పని జరగాలి. చెల్లించిన ధర అయిదు లక్షల రూపాయల లోపు ఉన్నవారికి ఫిర్యాదు రుసుము లేదు.

కొత్త సీటు బిగించిన తరువాత తొలి ప్రయాణం స్వగ్రామానికి కాకూడదు. వారం పదిరోజులు గోపాల్‌పూర్, బరంపురాల మధ్యనే తిరిగి చూడాలి. ఆ తరువాత సీటు విప్పి, బోల్టులు వదులయ్యాయేమో, రబ్బరు గుండీలు నలిగాయేమో, తీగల మీద ఒరిపిడి గీతలు పడ్డాయేమో చూడాలి. మార్పిడి గడువు ముగియకముందే ఈ తనిఖీ పూర్తి కావాలి.